అద్దం, రాకుమార్తె, మన పిల్ల: బొమ్మల సినిమాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో పిల్లలకి కథలు చెబుతాను. ఒక యానిమేషన్ సినిమాలోంచి చిన్న ముక్క చూపించి, ఆ కథ పాతకాలంలో ఎలా ఉండేదో చెప్పి, తర్వాత వాళ్ళనే మాట్లాడనిస్తాను. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మానాన్నలు, తాతయ్యలు, మామ్మలు గుమ్మం దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలే ఇవి. చాలావరకు లావు, రంగు, పొడుగు గురించే ఉంటాయి. ఒకటి రెండు పిల్లలే అడిగారు. నేను డాక్టర్ని కాను. కథలు బాగా ఎరిగిన మనిషిగా, పిల్లల మాటలు వినే మనిషిగా జవాబులు రాస్తున్నాను.

స్నో వైట్, సిండ్రెల్లా లాంటివి చూస్తే మా పాప తనని తాను తక్కువ చేసుకుంటుందా? చూపించడం మానేయమంటారా?

మానేయమని అనను. ఈ విషయం మీద పరిశోధనలు జరిగాయి, వాటిలో తేలింది మనం అనుకున్నంత సూటిగా లేదు. 2010లో అమెరికాలోని ఫ్లోరిడాలో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు ఆడపిల్లల్ని పరిశీలించారు. రాకుమార్తెల సినిమా ముక్కలు చూసిన వెంటనే ఆ పిల్లలకి తమ ఒంటి మీద అసంతృప్తి పెరగలేదు. కానీ అదే పరిశోధనలో, సినిమాతో సంబంధం లేకుండానే, దాదాపు సగం మంది పిల్లలకి లావైపోతామేమో అన్న దిగులు ఉందని బయటపడింది. మూడేళ్ళ పిల్లకి ఆ దిగులు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? సినిమాకి ముందే, ఇంట్లో వింటున్న మాటల్లోంచి కూడా వచ్చి ఉంటుందని నా నమ్మకం.

బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఇంకో పరిశోధన ప్రచురించారు. రాకుమార్తెల ఆటల్లో బాగా మునిగిన చిన్నపిల్లలు ‘ఆడపిల్లలు ఇలాగే ఉండాలి’ అనే మూసలోకి కొంత ఎక్కువగా వెళుతున్నారని అందులో తేలింది. అదే బృందం ఆ పిల్లలు పదేళ్ళకి వచ్చాక మళ్ళీ చూసి, 2021లో ఫలితాలు చెప్పింది. చిన్నప్పుడు రాకుమార్తెల్ని బాగా ఇష్టపడ్డ పిల్లలు తమ ఒంటి గురించి మెరుగైన అభిప్రాయంతో ఉన్నారు, ఆడామగా సమానం అనే ఆలోచన కూడా వాళ్ళలో ఎక్కువగానే ఉంది. అందుకని ‘ఫ్రోజెన్’ సినిమాలో మంచు రాణి ఎల్సా బొమ్మ ఉన్న వాటర్ బాటిల్ కొన్నందుకు టెన్షన్ పడకండి.

రాకుమార్తె నడుము ఎంత సన్నగా ఉందో చూసి మీరు భయపడుతున్నారు. నేను ముందు చూసేవి వేరే రెండున్నాయి. ఈ కథ ఎవర్ని చూసి నవ్వమంటోంది? చివర్లో ఎవరికి ఏం బహుమతి ఇస్తోంది? పిల్లలు ఈ రెండూ చాలా తొందరగా పట్టేస్తారు.

అసలు కథల్లోనే అందం గురించి అంత ఉంది కదా, సినిమావాళ్ళని అనడం ఎందుకు?

ఉంది. కానీ ఎలా ఉందో చూడండి. ఇదంతా చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక, కొంచెం పొడుగైనా చదవండి.

జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో స్నో వైట్ కథ అచ్చువేశారు. అందులో అద్దం ‘నీకంటే ఆమే అందగత్తె’ అని రాణికి చెప్పేనాటికి ఆ పిల్లకి ఏడేళ్ళు. ఏడేళ్ళంటే మన రెండో తరగతి. పైగా ఆ మొదటి ముద్రణలో పిల్లని చంపించాలని చూసేది కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమెని సవతితల్లిగా మార్చారు. రాణి మారువేషంలో మూడుసార్లు వస్తుంది. మొదటిసారి రంగురంగుల పట్టుతాడు తెచ్చి, పిల్ల నడుము చుట్టూ ఊపిరాడనంత బిగించి కడుతుంది. పిల్ల పడిపోతుంది. మరుగుజ్జులు వచ్చి తాడు కోసేస్తే ఊపిరి వస్తుంది. రెండోసారి విషం పూసిన దువ్వెన. మూడోసారి ఆపిల్. డిస్నీ 1937లో తీసిన సినిమాలో తాడూ దువ్వెనా పోయి, ఆపిల్ ఒక్కటే మిగిలింది. ఆ రెండూ తీసేయడం నాకు బాధగా ఉంటుంది. నడుము బిగించే తాడు, జుట్టు దువ్వే దువ్వెన. రెండూ అందం కోసం కొనుక్కునేవే, రెండూ పిల్ల ప్రాణం మీదకి తెచ్చాయి. రెండు వందల ఏళ్ళ కిందటి కథ ఇంత స్పష్టంగా చెబుతోంది. ఈ ముక్క చెప్పినప్పుడు హాల్లో ఆడపిల్లలు అడగకుండానే తమ బిగుతు బెల్టుల గురించి, ఫంక్షన్లలో గుచ్చుకునే లెహెంగాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇక సిండ్రెల్లా. గ్రిమ్ కథలో సవతి అక్కలు చూడటానికి అందంగా, తెల్లగా ఉంటారు. మనసే నల్లన అంటాడు కథకుడు. (రంగుని అలా వాడటం కూడా పిల్లలతో మాట్లాడాల్సిన విషయమే, ఆ సంగతి కింద ఉంది.) చెప్పు పట్టకపోతే తల్లే కత్తి అందించి, రాణివయ్యాక ఇంక నడిచే పని ఉండదు కదా, వేలు కోసేసుకో అంటుంది. పెద్దమ్మాయి బొటనవేలు కోసుకుంటుంది, రెండోది మడమ చెక్కుకుంటుంది. చిన్నపిల్లలకి ఇది చెప్పను. పదేళ్ళు దాటినవాళ్ళకి చెబుతాను, ఎందుకంటే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది: పిల్ల ఒంటికి సరిపడని కొలత ఒకటి పెట్టి, ఆ కొలతకి ఒళ్ళు కోసుకోమన్నది అమ్మే.

డిస్నీ 1950లో తీసిన సిండ్రెల్లాకి ఆధారం గ్రిమ్ కథ కాదు, ఫ్రెంచివాడు పెరో 1697లో రాసిన కథ. అందులో అక్కల తప్పు పొగరు. కురూపులని చెప్పడు. చివర్లో సిండ్రెల్లా వాళ్ళని క్షమించి, మంచి సంబంధాలు కూడా చేస్తుంది. సినిమాకి వచ్చేసరికి అక్కలకి పెద్ద పాదాలు, ఉబ్బిన ముక్కులు వచ్చాయి. వాళ్ళు పాట పాడితే నవ్వాలి, చెప్పులో కాలు దూర్చబోతే నవ్వాలి. చెడ్డవాళ్ళు కాబట్టి అందవికారంగా గీశారు. చూసే పిల్లకి మాత్రం అందంగా లేనివాళ్ళు చెడ్డవాళ్ళు అని తిరగబడి ఎక్కుతుంది. సినిమావాళ్ళని నేను అనేది ఇక్కడే.

విలన్లు ఎప్పుడూ లావుగానో, వంకర ముక్కుతోనో ఎందుకుంటారు?

బొమ్మలు గీసేవాళ్ళ పద్ధతి అది. నీడ చూసి కూడా పాత్ర ఎవరో తెలిసిపోవాలంటారు. అందుకని మంచివాళ్ళకి మెత్తని గీతలు, చెడ్డవాళ్ళకి కోణాలో, తెర నిండిపోయే ఆకారమో పెడతారు. 1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో సముద్రపు మంత్రగత్తె ఉర్సులా సంగతి తీసుకోండి. ఆమెని గీసేటప్పుడు డివైన్ అనే అమెరికన్ రంగస్థల, సినీ కళాకారుణ్ణి మనసులో పెట్టుకున్నారు. నిజానికి ఆ సినిమాలో ఒళ్ళంటే సిగ్గుపడని ఆడమనిషి ఆమె ఒక్కతే. హాయిగా ఊగుతుంది, రంగులు పూసుకుంటుంది, గట్టిగా నవ్వుతుంది. మా పిల్లల్లో కొందరికి ఆమే ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ లావుగా ఉండి ఆత్మవిశ్వాసం ఉన్న మనిషి ఆ కథలో మంత్రగత్తె అయితే తప్ప కనబడదు. డెన్మార్క్ రచయిత అండర్సన్ 1837లో రాసిన అసలు కథలో సముద్రపు మంత్రగత్తె అంత విలనేమీ కాదు, అడిగింది ఇచ్చి వెల చెబుతుంది. ఆ వెల మత్స్యకన్య గొంతు. కాళ్ళు వచ్చాక వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టు ఉంటుంది.

‘రెడ్ షూస్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’ చూశాం. లావు అమ్మాయి హీరోయిన్. మంచి సినిమానేనా?

చూపించండి, పక్కన కూర్చుని చూపించండి. 2019లో వచ్చిన కొరియా సినిమా ఇది, స్నో వైట్ కథని తిరగేసి చెబుతుంది. బొద్దుగా ఉండే స్నో వైట్ తండ్రిని వెతుకుతూ వెళ్ళి, మాయ ఎర్రబూట్లు తొడుక్కోగానే సన్నని అందగత్తె అయిపోతుంది. అటువైపు ఏడుగురు అందగాళ్ళయిన రాకుమారులు. ఒక దేవకన్యని రూపం చూసి మంత్రగత్తె అనుకుని కొట్టినందుకు వాళ్ళకి శాపం తగిలింది. ఎవరైనా చూస్తున్నప్పుడల్లా పచ్చటి మరుగుజ్జులైపోతారు. లోకంలోకెల్లా అందమైన అమ్మాయి ముద్దు పెడితేగానీ శాపం పోదు.

సినిమా విడుదల కాకముందే పెద్ద గొడవ అయింది. 2017 కాన్ చిత్రోత్సవంలో పెట్టిన హోర్డింగులో సన్నగా, పొడుగ్గా ఉన్న స్నో వైట్ పక్కన అదే అమ్మాయిని బొద్దుగా, పొట్టిగా నిలబెట్టి, స్నో వైట్ ఇక అందంగా లేకపోతే ఎలా ఉంటుందో అన్నట్టు రాశారు. చూసినవాళ్ళకి ఒళ్ళు మండింది. ఆ పాత్రకి గొంతు ఇచ్చిన నటి క్లోయీ గ్రేస్ మోరెట్జ్ తనకి కూడా అది చూసి దిగ్భ్రాంతి కలిగిందని బహిరంగంగా చెప్పింది. నిర్మాతలు క్షమాపణ చెప్పి ఆ ప్రచారం ఆపేశారు.

సినిమా ఆ హోర్డింగు కంటే చాలా నయం. బూట్లు వేసుకున్న స్నో వైట్‌కి రోడ్డు మీద అందరూ సాయం చేయడానికి ఎగబడతారు. విప్పేసినప్పుడు అదే మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఆ తేడా పిల్లలకి చక్కగా తెలుస్తుంది. ఆ అమ్మాయికి తన అసలు ఒంటితోనే బలం, హుషారు ఉన్నాయని కూడా కథ చూపిస్తుంది. చివర్లో ఆమె ఆమెలాగే ఉంటుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. లావుని చూసి చిన్నచూపు తప్పు అని చెప్పే ఈ సినిమాలో పొట్టితనం మాత్రం శాపమే. హీరో చివరికి పొడుగ్గా, అందంగా మారిపోతాడు. ఆ అమ్మాయి అతన్ని మరుగుజ్జుగానే ఇష్టపడినప్పుడు అతను మారకపోతే ఏం? మా గుంపులో తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు అడిగాడు ఈ ప్రశ్న. క్లాసులో మొదటి వరసలో నిలబడే పిల్లాడు. వాడికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాడు అడిగింది నిజం.

ష్రెక్ అయితే పరవాలేదు కదా?

చాలా మంచి సినిమా. 2001లో వచ్చింది, యానిమేషన్ చిత్రాలకి విడిగా ఆస్కార్ ఇవ్వడం మొదలైనప్పుడు మొదటి బహుమతి దానికే దక్కింది. శాపం పోతే అందంగా మారతానని ఎదురుచూసిన రాకుమార్తె ఫియోనా, చివరికి పచ్చటి రాక్షస రూపంలోనే ఉండిపోతుంది, తనూ పచ్చటి రాక్షసుడే అయిన ష్రెక్‌కి ఆమె అందగత్తే. 1991 ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో మృగం అందమైన రాకుమారుడు కావడాన్ని బహుమతిగా ఇస్తే, ఈ సినిమా ఆ బహుమతి అక్కర్లేదంది. అయితే సినిమా పొడుగునా ఫార్క్వాడ్ ప్రభువు పొట్టిగా ఉన్నాడని జోకులే జోకులు. దుర్మార్గుడు కాబట్టి వాడి ఎత్తు మీద నవ్వొచ్చా? ఇది పిల్లల ముందు పెట్టండి, వాళ్ళు ఎంత న్యాయంగా ఆలోచిస్తారో చూస్తారు.

మా పాప ‘నేను ఎల్సాలా తెల్లగా లేను’ అని ఏడుస్తోంది. ఏం చెప్పాలి?

ఏడుస్తున్న పిల్లకి ముందు ఉపన్యాసం వద్దు, దగ్గరికి తీసుకోండి. ‘నువ్వూ తెల్లగానే ఉన్నావు’ అని మాత్రం అనకండి. అది అబద్ధమని పిల్లకి తెలుసు, పైగా తెల్లగా ఉండటమే గొప్ప అని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ‘నీ రంగు నాన్న రంగు, తాతయ్య రంగు, నాకెంతో ఇష్టమైన రంగు’ అనండి, అది నిజం కాబట్టి.

ఒకసారి పిల్లలకి తెల్లకాగితాలిచ్చి, కథలో రాకుమార్తెగా తమనే గీసుకోమన్నాను. జుట్టు, గౌను, కిరీటం అన్నీ ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వేశారు. ముఖానికి వచ్చేసరికి దాదాపు అందరి చెయ్యీ క్రేయాన్ డబ్బాలో లేత గులాబీ ముక్క మీదకే వెళ్ళింది. అప్పటికే అది అరిగిపోయి గోరంత ఉంది, గోధుమరంగు ముక్కలు రెండూ కొత్తవిలా ములుకు కూడా పోకుండా ఉన్నాయి. నేనేమీ అనకుండా గోధుమరంగు ముక్క తీసి నా ముంజేతి పక్కన పెట్టుకుని చూపించాను. తర్వాత అందరూ క్రేయాన్లు చేతుల పక్కన పెట్టుకుని పోల్చుకోవడం మొదలెట్టారు. రెండు రంగులు కలిపితేగానీ తన రంగు రాలేదని ఒక పాప గర్వంగా చూపించింది.

మన ఊళ్ళో ఈ బాధ ఎక్కువ. సముద్రం ఒడ్డున ఉన్నాం. ఆర్కే బీచ్‌లో ఇసుకలో ఆడితే, రుషికొండలో నీళ్ళలో దిగితే ఒళ్ళు నల్లబడుతుంది, అది ఆరోగ్యంగా తిరిగే పిల్లల రంగు. ‘ఎండలో ఆడకు, నల్లబడితే నిన్ను ఎవరు చేసుకుంటారు’ అనే మాట ఆరేళ్ళ పిల్లతో అనడం విన్నాను, దయచేసి మానండి. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము కూడా 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది. నీలమేఘశ్యాముడని రాముడికి దండం పెట్టి, ద్రౌపది నల్లనిదని భారతంలో చదివి, పిల్ల ముఖానికి శనగపిండి రుద్దితే పిల్లకి ఏది నిజమనిపిస్తుంది?

ఫ్రోజెన్ రెండో సినిమా తెలుగులో వచ్చినప్పుడు ఎల్సాకి గొంతు ఇచ్చింది నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకి మహేశ్ బాబు గారి అమ్మాయి సితార. మంచు రాణి మన భాషలో మాట్లాడగలిగినప్పుడు, ఫ్యాన్సీ డ్రెస్‌లో చామనఛాయ ఎల్సా ఉండకూడదా? ఆ నీలం గౌను వేయించండి. తెల్లటి పౌడరు మాత్రం వద్దు.

ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు ‘ఏటే, ఇలగ లావైపోనావు?’ అంటుంటారు. వాళ్ళని ఎలా ఆపాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, నాకు బాగా కోపం తెప్పించేదీ ఇదే. సినిమా గంటన్నర. ఈ మాట సంక్రాంతికి, పెళ్ళికి, పుట్టినరోజుకి, ఆఖరికి కనకమహాలక్ష్మి గుడి లైన్లో కూడా వినబడుతుంది.

మన పెద్దవాళ్ళకి అది పలకరింపు. ‘చిక్కిపోయావేటమ్మా’ అంటే ప్రేమ, ‘ఒళ్ళు చేశావు’ అంటే చనువు. చెడ్డ ఉద్దేశం ఉండదు, నిజమే. కానీ తొమ్మిది, పదేళ్ళు దాటిన ఆడపిల్లల్లో ఎదుగుదల మొదలైనప్పుడు ఒళ్ళు రావడం సహజం. పొడుగు పెరగడానికీ, నెలసరి రావడానికీ శరీరం సిద్ధమవుతూ కొవ్వు చేర్చుకుంటుంది. సరిగ్గా ఆ రెండు మూడేళ్ళలోనే అందరూ దాని ఒంటి మీద మాట్లాడతారు. పిల్ల అప్పటిదాకా తన ఒంటిలోపల ఉండి ఆడుకునేది. ఆ రోజు నుంచి బయట నిలబడి చూసుకోవడం మొదలెడుతుంది.

అత్తగారితో పదిమందిలో వాదన పెట్టుకోకండి, ఆవిడకి తల కొట్టేసినట్టు ఉంటుంది, పని జరగదు. విడిగా ఉన్నప్పుడు, ఆవిడ మనవరాలి మీద ప్రేమనే పట్టుకుని చెప్పండి. ‘అత్తయ్యా, మీరు లావయ్యావంటే అది రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మీ మాటంటే దానికి అంత పట్టింపు. ఈసారి రాగానే దాని డ్యాన్స్ క్లాసు గురించి అడగండి, మీకు చూపించాలని కాచుక్కూర్చుంది.’ ఒకావిడ ఇలాగే చెబితే, ఆ అత్తగారు తర్వాత వచ్చినప్పుడు మిగతా బంధువుల్ని కూడా తనే ఆపారట. పెద్దవాళ్ళు మారరని ముందే తీర్మానించేయకండి.

దూరపు చుట్టాలైతే వెంటనే, నవ్వుతూనే, పిల్ల వినేలా మీరే అనండి: ‘మా పిల్ల బాగుంది పిన్నీ, రండి కాఫీ తాగుదురు.’ అమ్మ తన పక్కన నిలబడిందన్నది పిల్లకి గుర్తుంటుంది.

ఇంకో మాట, అమ్మలకి. అద్దం ముందు నిలబడి ‘ఛీ, ఈ పొట్ట’ అని మీ గురించి మీరు అనుకునేది కూడా పిల్ల వింటోంది.

మగపిల్లలకి ఈ గొడవ లేదు కదా?

ఉంది, చెప్పుకోరంతే. పొట్టి అని, బక్క అని, ‘ఆడపిల్లలా ఉన్నావు’ అని వింటారు. రాకుమారుడంటే వెడల్పు భుజాలు, గట్టి దవడ. ఇంటర్‌కి రాకముందే ప్రోటీన్ పౌడరు కొనిపెట్టమని అడిగే పిల్లలున్నారు. ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో గాస్టన్‌ని చూపించి మాట్లాడండి. ఊళ్ళో అందరికంటే కండలున్నవాడు, అందగాడు, కథలో అసలు మృగం వాడే.

కొత్త సినిమాల్లో మార్పు వచ్చిందా?

వచ్చింది. 2016 ‘మోనా’లో అమ్మాయికి గట్టి కాళ్ళు, సముద్రంలో పడవ నడపగలిగే ఒళ్ళు ఉన్నాయి. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంపలెత్తే అక్కల చేతులు చూసిన పిల్లలకి ఆ ఒళ్ళు కొత్త కాదు. సినిమాల కంటే బొమ్మల షాపు మాత్రం ఆలస్యంగా మారుతోంది. 2012 ‘బ్రేవ్’లో మెరిడా ఉంగరాల జుట్టుతో, గుండ్రటి ముఖంతో, విల్లుతో ఉంటుంది. 2013లో ఆమెని డిస్నీ రాకుమార్తెల వరసలో చేర్చేటప్పుడు నడుము సన్నం చేసి, జుట్టు నునుపు చేసి, ఆ విల్లు కూడా తీసేసి కొత్త బొమ్మ విడుదల చేశారు. ఆ పాత్రని సృష్టించిన దర్శకురాలు బ్రెండా చాప్‌మన్ బహిరంగంగా తప్పుబట్టింది, రెండు లక్షలమందికి పైగా సంతకాలు పెట్టి నిరసన తెలిపారు. అందుకని సినిమా చూసి మెచ్చుకున్నాక, స్కూల్ బ్యాగు మీద అచ్చయిన బొమ్మని కూడా ఒకసారి చూడండి.

వీటికంటే మన కథలు చెప్పుకుంటే సరిపోదా?

మన కథలు తప్పకుండా చెప్పండి. ఎనిమిది వంకరలున్న అష్టావక్రుడు జనకుడి సభలోకి నడిచి వస్తుంటే సభ గొల్లుమంటుంది. ఆ పిల్లాడు వాళ్ళకంటే గట్టిగా నవ్వి, ఇంత పెద్ద పండితులకి తోలు తప్ప లోపలిది కనబడటం లేదే అంటాడు. మా పిల్లలు ఈ ఘట్టం మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు. నవ్వేవాళ్ళ ఎదుట నిలబడటం ఇంత బాగా చెప్పిన కథ నాకు ఇంకోటి తెలియదు.

అలాగని మన కథల్లో అంతా సవ్యంగా లేదు. మహాభారతంలో అష్టావక్రుడు తండ్రి చెప్పగా సమంగా నదిలో మునిగి లేచేసరికి వంకరలన్నీ పోతాయి. భాగవతంలో మథురలో చందనం ఇచ్చిన కుబ్జ గూనిని కృష్ణుడు సరిచేస్తాడు. మృగం రాకుమారుడైనట్టే ఇక్కడా సరైన ఒళ్ళే బహుమతి. జానపద కథల్లో రాక్షసి నల్లగా, లావుగానే ఉంటుంది. ఎక్కడి కథనైనా, ఎవర్ని చూసి నవ్వమంటోంది, ఎవరికి ఏం బహుమతి ఇస్తోంది అనే అవే రెండు ప్రశ్నలతో చూడమంటాను.

సినిమా చూశాక పిల్లలతో ఏం చేయాలి?

పరీక్ష పెట్టినట్టు అడగకండి. మా దగ్గర బాగా పనికొచ్చింది ఒక స్కేలు. ఫ్రోజెన్‌లో ఆనా ముఖం, చెయ్యి రెండూ కనబడే చోట ఆపి, టీవీ మీదే కన్ను ఎంత వెడల్పుందో, మణికట్టు ఎంత వెడల్పుందో కొలవమంటాను. కన్నే పెద్దదని తేలగానే పిల్లలు అరుస్తారు. తర్వాత ఒకళ్ళ కన్ను, మణికట్టు ఒకళ్ళు కొలుచుకుంటారు. ఆ ఒళ్ళు ఎవరికీ ఉండదని నేను నోటితో చెప్పాల్సిన పని లేకుండా పోతుంది.

తర్వాత నవ్వు గురించి అడగండి. ‘ఎక్కడ నవ్వొచ్చింది? అక్కడ ఎవరైనా బాధపడి ఉంటారా?’ ఆ ఒక్కటీ చాలు. మిగతాది వాళ్ళే తీస్తారు.

బొమ్మల పక్కన నిజమైన మనుషుల్ని కూడా చూపించండి. సింహాచలం గిరి ప్రదక్షిణకి పిల్లల్ని కాసేపైనా తీసుకెళ్ళండి. 32 కిలోమీటర్లు నడిచే ఆ జనంలో లావువాళ్ళు, సన్నవాళ్ళు, పొట్టివాళ్ళు, ముసలివాళ్ళు, కర్ర పట్టుకుని కుంటుతూ వెళ్ళేవాళ్ళు అందరూ ఉంటారు. ఒళ్ళు ఎన్ని రకాలుగా ఉంటుందో, ఏమేం చేయగలదో అక్కడ తెలిసినట్టు ఏ సినిమాలోనూ తెలియదు.

అమ్మాయి తిండి తగ్గించేసింది. డైటింగ్ అంటోంది. ఎప్పుడు కంగారు పడాలి?

ఎదిగే పిల్ల భోజనాలు ఎగ్గొట్టడం, అందరితో కలిసి తినకపోవడం, తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం, బరువు బాగా తగ్గిపోవడం, వచ్చిన నెలసరి ఆగిపోవడం, ఎండాకాలంలో కూడా ఒళ్ళు కప్పేసే బట్టలు వేసుకోవడం. వీటిలో ఏవి కనిపించినా ‘ఈ వయసులో మామూలే’ అని వదిలేయకండి, తిట్టి తినిపించకండి. ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. అవసరమైతే వాళ్ళే మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తారు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళితే ఎవరేమనుకుంటారో అని ఆగిపోయే తల్లిదండ్రులు నాకు తెలుసు. పిల్ల ఆరోగ్యం ముందు ఆ మాట ఎంతండీ.

(ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది) సినిమా చివర్లో హీరోయిన్ తనని తాను ప్రేమించుకోవడం నేర్చుకుంటుంది. నాకు రావట్లేదు. నాలో ఏదైనా లోపమా?

లేదమ్మా, నీలో ఏ లోపమూ లేదు. సినిమాకి టైమ్ తక్కువ, కాబట్టి ఒక పాటలో మారిపోయినట్టు చూపిస్తారు. పదమూడేళ్ళ వయసులో అద్దం నచ్చని రోజులు చాలామందికి వస్తాయి, పైకి చెప్పరంతే.

అద్దంలో కనబడేది రోజూ నచ్చాలని రూలేమీ లేదు. నచ్చని రోజున కూడా నీ ఒంటికి అన్నం పెట్టు, నిద్రపోనివ్వు, నీకు ఇష్టమైన ఆటకి పంపు. కైలాసగిరి మెట్లు ఎక్కించేది, అలల్లో నిలబెట్టేది, మీ నేస్తాన్ని నవ్వించేది ఈ ఒళ్ళే. ముందు దానితో మర్యాదగా ఉండటం చేతనైతే చాలు. ఇష్టం తర్వాత వస్తే వస్తుంది, రాకపోయినా నీ విలువ తగ్గదు. ఎవరైనా ఫోన్లో నీ ఫోటో మీద వెక్కిరింపుగా రాస్తే చెరిపేసి ఊరుకోకు, స్క్రీన్‌షాట్ తీసి ఒక పెద్దవాళ్ళకి చూపించు.

ఇంట్లో చెప్పుకోలేకపోతే ఆదివారం కథ అయ్యాక నా దగ్గర కాసేపు ఉండు, తలుపు వేసుకుని మాట్లాడుకుందాం. రాత్రిపూట బాగా దిగులుగా అనిపించి, ఎవరూ అందుబాటులో లేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.